పదో వంతు సముద్రాన్ని మూసేసిన ఊరు: చిన్న దీవులు తమ ప్రణాళిక తామే వేసుకుంటే ఏమవుతుంది?

"ప్రజల భాగస్వామ్యంతో" అన్న మాట లేని అభివృద్ధి ప్రణాళిక ఈ రోజుల్లో దొరకదు. గంటసేపు సభ పెట్టి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుని, ఫోటో దిగి వెళ్లిపోయినా అదే మాట. ఊరంతా కూర్చుని ఏ మూల వేట ఆపాలో తేల్చుకుని, మాట తప్పినవాడి వలను తామే లాక్కున్నా అదే మాట. రెండింటికీ ఒకే పేరు ఉండడంతోనే గందరగోళం మొదలవుతుంది.

మెట్లు మూడున్నాయి అనుకుంటే విషయం తేటపడుతుంది. ఊరికి చెప్పడం మొదటిది: నిర్ణయం అయిపోయింది, వినండి. ఊరిని అడగడం రెండోది: మీ అభిప్రాయం రాసుకుంటాం, నిర్ణయం మాది. ఊరికి అప్పగించడం మూడోది: ఈ వనరు మీద, ఈ డబ్బు మీద నిర్ణయం మీదే, తప్పయినా మీదే. చాలా ప్రణాళికలు మొదటి రెండు మెట్ల మీద నిలబడి మూడో మెట్టు పేరు చెప్పుకుంటాయి. మన గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల్లో కూడా సభలో చెప్పిన పనికీ, నిధులు వచ్చిన పద్దుకీ పొంతన కుదరక ఊళ్లు విసుక్కోవడం కొత్త సంగతి కాదు.

ఈ తేడాను చూడడానికి పేద దీవులు మంచి చోటు. అక్కడ పొలం పోతే పక్క ఊరికి కూలికి వెళ్లే వీలుండదు, బస్సు ఉండదు. నిర్ణయం మంచిదో చెడ్డదో రెండు మూడేళ్లలో వంటింటి దాకా వచ్చేస్తుంది.

దీవిలో బతుకు ఖరీదెందుకు: ఐసు లెక్క

దీవి పేదరికానికి దూరమే కారణమని అనుకుంటాం. అసలు కారణం దూరం కన్నా చిన్నతనం. మనుషులు తక్కువ, సరుకు తక్కువ, కానీ పడవ ఖర్చు మాత్రం తగ్గదు. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం.

ఉష్ణదేశాల్లో చేప చెడకుండా ఉండాలంటే కిలోకి కిలో ఐసు కావాలని మోటు లెక్క. ఐసు ఒడ్డున తయారవుతుంది. దారిలో ఐదో వంతు కరుగుతుందనుకుంటే, 100 కిలోల చేపకు 125 కిలోల ఐసు కొనాలి. కిలో 3 రూపాయల చొప్పున 375 రూపాయలు. పడవ వెళ్లి రావడానికి డీజిలు 1,200. మొత్తం 1,575, కిలో చేప మీద 15 రూపాయల 75 పైసలు పడుతుంది. అదే పడవలో ఒక్కడే తన 20 కిలోలు వేసుకుని వెళితే? ఐసు 25 కిలోలు, అంటే 75 రూపాయలు. డీజిలు మాత్రం అదే 1,200. కిలోకి 63 రూపాయల 75 పైసలు. కాబట్టి వాడు ఒడ్డుకి వెళ్లడు, దీవికి వచ్చే దళారి చెప్పిన ధరకే ఇచ్చేస్తాడు. ఆ దళారి దగ్గరే వలకి అప్పు తెచ్చి ఉంటే బేరం ఆడే నోరూ ఉండదు.

ఈ లెక్క చూసిన వాళ్లకి వెంటనే తట్టేది: దీవిలోనే ఐసు ప్లాంటు పెడితే పోలా? కుదరదు. ప్లాంటుకి మంచినీరు కావాలి, ఆగని కరెంటు కావాలి. చిన్న దీవికి ఆ రెండే కరువు. రోజుకి టన్ను ఐసు చేసే యంత్రం పెట్టి 100 కిలోలే వాడితే కిలో ఐసు ధర ఒడ్డున కొన్నదానికన్నా ఎక్కువవుతుంది. వేట లేని నెలల్లో యంత్రం ఖాళీ. బాగుచేసేవాడు రావాలన్నా పడవ ఎక్కే రావాలి. ప్రారంభోత్సవం నాటి రంగు పోకముందే తుప్పు పట్టిన ప్లాంట్ల వెనక కథ తరచుగా ఇదే. ఊరిని సరిగ్గా అడిగి ఉంటే ఐదుగురు కలిసి ఒక పడవ మీద సరుకు పంపే ఏర్పాటు చాలని తేలేదేమో. లేదా అసలు ఐసు అక్కర్లేని సరుకు వైపు చూసేవాళ్లేమో. లక్షద్వీప్ వాళ్లు ట్యూనాను ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మిన్ చేస్తారు. రాయిలా గట్టిపడిన ఆ ముక్కలు నెలల తరబడి నిలవుంటాయి, దళారి కోసం తొందరపడక్కర్లేదు. మన తీరంలో ఎండు చేపల వెనక ఉన్న తెలివీ అదే.

ఆపో: కొద్ది కుటుంబాలతో మొదలైన కట్టుబాటు

ఫిలిప్పీన్స్‌లో నెగ్రోస్ దీవికి దక్షిణాన, దవుయిన్ మునిసిపాలిటీ కిందికి వచ్చే చిన్న అగ్నిపర్వత దీవి ఆపో. విస్తీర్ణం ముప్పాతిక చదరపు కిలోమీటరు. వందన్నర దాకా కుటుంబాలు, చాలామంది గాలం, వల, బుట్టలతో పగడపు దిబ్బల మీద వేటాడేవాళ్లే. మంచినీళ్లు కూడా పెద్ద దీవి నుంచి తెచ్చుకోవలసిన చోటు.

1970లలో ఆ ప్రాంతమంతటా డైనమైట్ పేల్చడం, సయనైడ్ చల్లడం, దిబ్బల మీద బరువులు కొట్టి చేపల్ని వలలోకి తోలడం మామూలైపోయాయి. సన్నకన్ను వలలు పిల్లచేపల్ని కూడా ఊడ్చేశాయి. చేప తగ్గేకొద్దీ జాలర్లు ఇంకా దూరం వెళ్లారు. దుమగెటె పట్టణంలోని సిల్లిమాన్ విశ్వవిద్యాలయం నుంచి జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా, ఆయన సహచరులు దీవికి వచ్చి కొంత దిబ్బను మూసి చూడమన్నారు. వాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడినా ఊరంతా ఒప్పుకోలేదు. 1982లో 14 కుటుంబాలు మాత్రం సరేనన్నాయి. ఆగ్నేయ తీరంలో 450 మీటర్ల పొడవున వేట ఆగింది. అది దీవి చుట్టూ ఉన్న దిబ్బలో దాదాపు పదో వంతు.

ఇక్కడ ఆగి చూడవలసింది ఒకటుంది. మూసిన చోటు ఊళ్లో అందరికీ కనిపించే చోటు. కాపలాకి పడవ అక్కర్లేదు, ఒడ్డున ఒక మనిషి కూర్చుంటే చాలు. కాగితం మీద గొప్ప అభయారణ్యాలు చాలా చోట్ల దొంగవేటకి ఆటపట్టయ్యేది ఈ చిన్న విషయం తప్పినందుకే. మూడేళ్లకి ఫలితం కళ్లకు కట్టడంతో మిగిలిన ఊరు కూడా కలిసింది. 1985 నుంచి చుట్టూ ఉన్న మిగతా నీళ్లకి రెండు నియమాలు పెట్టుకున్నారు: ఆపో వాళ్లే వేటాడాలి, పాడుచేసే పద్ధతులు వాడకూడదు. మునిసిపాలిటీ దాన్ని అధికారికం చేసింది.

ఆ రెండో భాగం గురించి తక్కువ మాట్లాడతారు. నా లెక్కలో మూసిన పదో వంతు కన్నా బయటివాళ్లని ఆపగలిగిన తొంభై శాతమే పెద్ద విషయం. మనం దాచుకున్న చేపను రేపు పక్క ఊరివాడు పట్టుకుపోతే ఏ జాలరీ దాచుకోడు.

పదో వంతు మూస్తే నష్టమెంత?

వేట చోటు 100 పాళ్లు, పట్టుబడి 100 కిలోలు అనుకుందాం. 10 పాళ్లు మూసేస్తే మిగిలిన 90లో 90 కిలోలే వస్తాయి. పాత 100 రావాలంటే మిగిలిన చోట పట్టుబడి 11 శాతం పెరగాలి, అంతే. మూసిన చోట పెరిగిన పెద్ద చేపలు గీత దాటి బయటికి రావడం వల్లే ఈ పెరుగుదల రావాలి. వస్తుందా అన్నదే శాస్త్రవేత్తల మధ్య పెద్ద తగవు.

ఆపో మీద 2004లో వచ్చిన పరిశోధన దీనికి అంకెలిచ్చింది. ఊరి పట్టుబడిలో 40 నుంచి 75 శాతం దాకా ఉండే సర్జన్ చేపలు, పార జాతి చేపల మొత్తం బరువు 1983 నుంచి 2001 మధ్య మూసిన చోట మూడింతలైంది. బయట 200–250 మీటర్ల దూరంలో కూడా పెరిగింది, ఇంకా దూరం పోతే అంతగా లేదు. గాలం వేటలో ఒక మనిషి గంటకి పట్టే చేప 1980ల తొలినాళ్లతో పోలిస్తే 1998–2001 నాటికి 50 శాతం ఎక్కువ. గాలం వేట మీద పెట్టే మొత్తం శ్రమ 46 శాతం తగ్గింది. తక్కువసేపు వేటాడి ఎక్కువ తెచ్చుకుంటున్నారన్నమాట.

ఇది మరీ తీపిగా ఉందనుకునేవాళ్ల అభ్యంతరాలు కూడా బలమైనవే. శ్రమ తగ్గడంలో కొంత భాగం జనం పర్యాటకం పనుల్లోకి మళ్లడం వల్ల కావచ్చు. డైనమైట్ ఆగడం వల్ల వచ్చిన లాభాన్ని, మూసివేత వల్ల వచ్చిన లాభాన్ని విడదీయడం కష్టం. పార చేపల విషయంలోనైతే మూసిన చోటికి దూరంగానే ఎక్కువ పడ్డాయి, ప్రవాహాలు అందుకు కారణం కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. ఇక 18 ఏళ్ల లెక్క శాస్త్రానికి సరిపోతుంది కానీ, మొదటి రెండేళ్ల నష్టాన్ని ఎవరు మోశారన్నది ఆ అంకెల్లో కనబడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. కాలాన్ని మూయడం అది, చోటును మూయడం ఇది. చోటు శాశ్వతంగా పోతుంది కాబట్టి, అక్కడే వేటాడే అలవాటున్న కుటుంబం నెత్తిన మొదటి భారం పడుతుంది.

పక్కనే ఎదురు సాక్ష్యం కూడా ఉంది. సుమిలోన్ అనే మరో దీవి దగ్గర అదే విశ్వవిద్యాలయం 1974లోనే ఇలాంటి చోటు మూయించింది. కానీ అక్కడి దిబ్బ మీద వేటాడేవాళ్లు దీవి మీద ఉండరు, ఎదురుగా సెబు తీరంలో ఉంటారు. ఇది పండితుల ప్రాజెక్టే తప్ప తమది కాదన్నది వాళ్ల భావన. 1984లో స్థానిక రాజకీయాలు మారగానే ఆంక్ష కూలింది. చోటు మొత్తం తెరుచుకుంది కాబట్టి పట్టుబడి పెరగాలి కదా. పెరగలేదు, రెండేళ్లలో మొత్తం పట్టుబడి దాదాపు సగానికి పడిపోయింది. శాస్త్రం రెండు చోట్లా ఒక్కటే, శాస్త్రవేత్తలూ వాళ్లే. నిర్ణయం ఎవరిదన్నదే తేడా.

కొలత కర్ర ఎవరి చేతిలో?

ఫిజీలోని వెరాటా ప్రాంతంలో ఉదునివనువా అనే ఊరిది ఇంకో దారి. అక్కడి ఆడవాళ్లు పాటు సమయంలో బురదలోంచి కైకోసో అనే గుల్లలు ఏరి అమ్ముతారు. సంచి నిండడానికి పట్టే సమయం ఏటేటా పెరుగుతోందని ముందు గమనించింది వాళ్లే. మగవాళ్ల సభలో అడిగితే ఈ సంగతి బయటపడేదే కాదు. అందుకే దీవుల్లో ప్రణాళిక వేసేటప్పుడు మొదటి నియమం: సభ ఒకటి కాదు, ఆడవాళ్లతో వేరే, కుర్రాళ్లతో వేరే కూర్చోవాలి. నేల మీద ముగ్గుపిండితోనో గులకరాళ్లతోనో తీరం పటం గీయించి, ఎవరు ఏ నెలలో ఎక్కడ ఏం ఏరుతారో పెట్టించాలి. రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే మగవాళ్ల పటంలో ఖాళీగా ఉన్న చోటే ఆడవాళ్ల పటంలో నిండుగా ఉండడం మామూలు. ఖాళీ అనుకుని జెట్టీ కట్టేది అక్కడే.

1997లో ఆ ఊరు 24 హెక్టార్ల బురదనేలను మూడేళ్లు మూసింది. ఊరిపెద్ద చనిపోతే కొంతకాలం వేట చోటును మూసే తబూ ఆచారం అక్కడ తరతరాలుగా ఉన్నదే. దాన్నే కొత్త అవసరానికి వాడుకున్నారు. 20 మంది ఆడా మగా కలిసిన బృందానికి దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క నేర్పారు. పనిముట్లు తాడు, చదరపు చట్రం, స్కేలు. తాడు పరిచి, దాని వెంట వరసగా చట్రం పెట్టి, లోపల దొరికిన గుల్లల్ని లెక్కపెట్టి కొలుస్తారు. మూసిన చోటా కొలుస్తారు, బయటా కొలుస్తారు. మొదట్లో 5 సెంటీమీటర్లు దాటిన గుల్ల దొరకడం అరుదు. కొన్నేళ్లకి మూసిన చోట 8 సెంటీమీటర్లు దాటినవి మామూలయ్యాయి.

ఇలాంటి కొలతల్లో జరిగే పొరపాట్లు ఏమిటంటే, మూసే ముందు కొలవకపోవడం, బయటి చోటును కొలవకపోవడం, ఒక ఏడు అమావాస్య పాటుకి, మరో ఏడు మామూలు పాటుకి కొలవడం. మొదటిది చేస్తే దేనితో పోల్చాలో తెలియదు. రెండోది చేస్తే మంచి వానల వల్ల వచ్చిన లాభం మూసివేత ఖాతాలో పడుతుంది. మూడోది చేస్తే అంకెలు పనికిరావు. బయటి నిపుణుడు కొలిస్తే ఈ పొరపాట్లు జరగకపోవచ్చు, నిజమే. కానీ ఆ అంకె ఇంగ్లీషు నివేదికలో ఉంటుంది, ఊరిసభలో ఉండదు. తబూను ఇంకో మూడేళ్లు పొడిగించాలా అని వాదన వచ్చినప్పుడు తన చేత్తో కొలిచినామె లేచి చెప్పే మాటకున్న బరువు దానికుండదు.

డబ్బు వచ్చింది, దాంతో కొత్త చిక్కు

ఆపోలో పెద్ద చేపలు పెరిగాక వాటిని నీళ్లలోకి దిగి చూసే పర్యాటకులు, అంటే మునకగాళ్లు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఎదుటి తీరపు రిసార్టుల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లే. ఊహా లెక్క: ఒక్కో మనిషి రోజు ఖర్చు 5,000 రూపాయలు. పడవ, గాలి సిలిండరు, గైడు, భోజనం అన్నీ రిసార్టువి. దీవికి 300 రూపాయల ప్రవేశ రుసుము, 200 రూపాయల టీషర్టు. నూటికి పది. మిగతా తొంభై దీవిని తాకకుండానే పోతాయి. ఆర్థికవేత్తలు దీన్నే లీకేజీ అంటారు. దీన్ని తగ్గించే దారులు రెండే: రాత్రి బస దీవిలో ఉండేలా చూడడం, రుసుము పెంచడం. బస పెరిగితే నీరు, చెత్త, మరుగుదొడ్ల బరువు పెరుగుతుంది. రుసుము పెంచితే పడవలు ఇంకో దిబ్బకి పోతాయి.

రుసుము పద్ధతి 1999లో మొదలైంది. అంతకు ముందే, 1994లో, ఆపోను జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అప్పుడు దేశ పర్యావరణ శాఖ కార్యదర్శి, అంటే మన లెక్కలో మంత్రి, అల్కాలాయే. దానితో చట్టబలం వచ్చింది, కానీ ఊరి కమిటీ స్థానంలో అధికారులూ సభ్యులుగా ఉన్న బోర్డు కూర్చుంది. డబ్బు దారి కూడా మారింది. వసూలైనది జాతీయ ఖజానాకి పోవాల్సి ఉండేది. అందులో 75 శాతం పని ప్రణాళికలు ఆమోదం పొందాక తిరిగి రావాల్సి ఉండేది. 25 శాతం కేంద్ర నిధికి.

75 శాతం ఉదారమైన వాటాయే. చిక్కు శాతంలో లేదు, కాలంలో ఉంది. పడవలు కట్టుకునే తేలుబుడ్డి తాడు తెగిందనుకోండి. వారంలో మార్చకపోతే పడవలు దిబ్బ మీదే లంగరు వేస్తాయి, ఒక్కో లంగరు ఏళ్ల నాటి పగడాన్ని విరగ్గొడుతుంది. తాడుకి కావలసింది చిన్న మొత్తం. అది ఖజానా నుంచి నెలల తరవాత వస్తే పగడం ఉండదు. కాపలా మనిషికి జీతం ఆగితే సంగతీ అంతే. ఈ కేంద్రీకరణతో ఊరు తన పట్టు పోయిందని భావించినట్టు, పాత ఉత్సాహం సన్నగిల్లినట్టు తర్వాతి పరిశోధనలు రాశాయి. 2013లో చట్టం సవరించి 75 శాతాన్ని స్థానికంగానే ఉంచుకునే వీలు కల్పించారు. సమస్య ఆపో ఒక్కదానిదే అయి ఉంటే ఆ సవరణ వచ్చేది కాదు.

ప్రభుత్వం వైపు వాదన కూడా వినాలి. ఊరి కమిటీకి బయటి ట్రాలర్‌ను ఆపే అధికారం లేదు, కోర్టులో నిలబడే స్తోమత లేదు. రుసుము సొమ్ము పెరిగే కొద్దీ తనిఖీ లేని పెట్టె దగ్గర గొడవలు పెరుగుతాయి. ఊరంటే సమానుల గుంపు కాదు, పడవ ఉన్నవాడు ఉంటాడు, లేనివాడు ఉంటాడు.

'ఊరు' అంటే ఎవరు?

ఈ చివరి మాటకి సాక్ష్యం కోసం ఫిలిప్పీన్స్ దాకా పోనక్కర్లేదు. మన ఇరకం, వేనాడు దీవులున్న పులికాట్ సరస్సులోనే, తమిళనాడు వైపు దక్షిణ భాగంలో, పాడు అనే పాత పద్ధతి ఉంది. వేట చోట్లకి చీట్లు వేసి, వంతులవారీగా ఒక్కో జట్టుకి ఒక్కో రోజు ఇస్తారు. మంచి చోటు ఎప్పుడూ ఒకడికే దక్కదు, జట్ల సంఖ్య హద్దు దాటదు. లోపలున్నవాళ్లకి ఇంత న్యాయమైన ఏర్పాటు అరుదు. కానీ లోపల ఉండాలంటే పాడు హక్కున్న పట్టణవర్ కుటుంబంలో పుట్టాలి. ఆ హక్కు లేని కులాల జాలర్లకి అదే కట్టుబాటు మూసిన తలుపు. రొయ్యకి ధర పెరిగి వాళ్లూ వేటలోకి వచ్చాక తగవులు ముదిరాయి.

ఆపోలో కూడా చీలిక ఇలాగే మరో రూపంలో వచ్చింది. పర్యాటకుల మీద బతికేవాళ్లకీ, వేట మీదే ఉన్నవాళ్లకీ సముద్రం ఒకటే. మునకగాళ్లు వల దగ్గరికి వస్తే చేప చెదురుతుంది, బుట్టల మీద ఈదితే జాలరికి కోపం వస్తుంది. రుసుముతో వచ్చిన లాభం ఊరందరిదీ. వేటకి కలిగిన ఇబ్బంది మాత్రం కొందరిది.

తుపాను తరవాత

2011 డిసెంబరులో ఒక తుపాను, 2012 డిసెంబరులో మరొకటి ఆపో ఆగ్నేయ తీరాన్ని కొట్టాయి. మూడు దశాబ్దాలు కాపాడుకున్న చోట పగడం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ప్రణాళికలో తప్పేమీ లేదు. కాపలాకి వీలైన చోటని ఎంచుకున్న ఒడ్డే గాలికి ఎదురుగా ఉంది, అంతే. అయితే దీవికున్న మూసిన చోటంతా ఒకే ముక్కగా ఉండడం మాత్రం ఆలోచించవలసిన విషయం. అదే పదో వంతును రెండు మూడు ముక్కలుగా దీవికి వేర్వేరు వైపుల ఉంచితే ఒక గాలికి అన్నీ పోవు. కానీ అప్పుడు కాపలా మనుషులు ఒకరి బదులు ముగ్గురు కావాలి, గీతలు పెరుగుతాయి, గీతల దగ్గర తగవులు పెరుగుతాయి. వందన్నర కుటుంబాల ఊరు ముగ్గురు కాపలాదార్లని మోయగలదా అన్నది రుసుము ఎంత త్వరగా చేతికొస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది.

పాడైన చోటికి పర్యాటకుల్ని వెళ్లనివ్వడం ఆపేశారు. వచ్చేవాళ్లు ఇప్పుడు ఊరి ఒడ్డున గడ్డి మేసే తాబేళ్లని చూడడానికి ఈదుతున్నారు. జాలర్ల పడవలు ఒడ్డుకి చేరేదీ ఆ వైపే.